గొంతులో పిల్లి

పురసవాక్కంలో మందుల షాపు మీద రెండో అంతస్తు,
శనివారం ఆరింటికి ఫ్రెంచి క్లాసు.
మేడమ్‌ది యానాం. పొన్నమండ సెసిలియా గారు.
బోర్డు మీద ఫ్రెంచి, బోర్డు దిగితే ఆయ్, అలాగేనండి.
రిటైరైన టైపిస్టుకి ఈ చదువెందుకని అడిగేవాళ్ళకి
ముప్పయ్యేళ్ళు ఒకే మీటల మీద కొట్టిన
వేళ్ళని చూపిస్తాను.

ఈ వారం జాతీయాలు.
గొంతు బొంగురుపోతే వాళ్ళకి
గొంతులో పిల్లి ఉందంటారట.
మాకు పచ్చి వెలక్కాయ పడుతుంది కదండీ, అన్నాను.
"అది వేరండి. అది మాటే పెగలనప్పుడు.
పిల్లున్నా మాట వస్తుంది, గీరుకుంటూ."
నోట్సులో రాసుకున్నాను:
పిల్లీ వెలక్కాయా ఒకటి కావు.

దిగులేస్తే బొద్దింక పట్టిందంటారు.
పని చెడిపోతే క్యారెట్లు ఉడికిపోయాయంటారు.
స్పృహ తప్పితే యాపిల్ పళ్ళల్లో పడిపోయారంటారు.
నా బెంచీలో అరుళ్‌సెల్వి, కీళ్‌పాక్కం నర్సు,
తన వార్డులో పూటకి నలుగురు పడతారని
మాత్ర పేరు రాసినంత పొందిగ్గా రాసుకుంది.

వస్తానని రానివాడు కుందేలు పెట్టాడట.
చెయ్యిచ్చాడంటాం మేం, అన్నాను.
చెయ్యిస్తే మంచిదేగా, అంది అరుళ్‌సెల్వి.
ఎలా చెప్పను?
అందిస్తే సాయం,
ఇస్తే మోసం.
చెయ్యి అదే.

క్లాసు చివర మేడమ్ సంచీలోంచి
తువ్వాల్లో చుట్టిన సీసా తీసింది.
పాండిచ్చేరి బస్సులో ఒళ్ళో పడుకోబెట్టుకుని
చెక్‌పోస్టు దగ్గర జో కొట్టిందట.
బోర్దో అని లేబులు.
గాజు గ్లాసులేవి? కాఫీ డబరాల్లో పోసింది.
అరుళ్‌సెల్వి వాసన చూసి తిరిగిచ్చేసింది.
నేను నాలిక మీద నిలిపాను.
ముందు నేరేడుపండు,
తర్వాత వానకి తడిసిన తాళంచెవి,
ఆ తర్వాత బుగ్గల లోపలి చర్మం
ఎవరో కుచ్చిళ్ళు పెట్టినట్టు దగ్గరికొచ్చింది.
"టానిన్" అంది మేడమ్.
కాదండీ, వగరు.
నేనూ హైమా ఉప్పద్దుకుని కొరికిన
వెలక్కాయ వగరు.

తాగి నవ్వేవాళ్ళది నవ్వు వైనట,
ఏడ్చేవాళ్ళది ఏడుపు వైనట.
నాదేదో తేలేలోపే ఆఖరి జాతీయం:
పంతం సడలించి ఒక మెట్టు దిగితే
తన వైనులో నీళ్ళు కలుపుకున్నట్టు.
సొంత వాక్యం రాయండి, అంది.

హైమ పెరంబూరులో ఉంటుంది, ఐదు స్టాపుల దూరం.
అమ్మ కుట్టుమిషను దాని దగ్గర,
కండెల డబ్బా నా దగ్గర.
నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.
అది పట్టినదానికీ మూడే.
మూడేళ్ళు.
తెలుగులో ఎవరితో అనబోయినా వెలక్కాయే.
ఫ్రెంచిలో మాత్రం రాసేశాను,
ఎవరి చెల్లెలి గురించో రాసినట్టు:
నా చెల్లెలు తన వైనులో నీళ్ళు కలపదు.

మేడమ్ చదివింది.
"వ్యాకరణం బావుందండి.
అభ్యాసానికి కర్తని మార్చి రాయండి."
రాశాను.
నేను కలపను.
నువ్వు కలపవు.
మేం కలపం.
ఎర్ర పెన్ను ఎక్కడా ఆగలేదు.

మెట్లు దిగుతుంటే తట్టింది
ఆ రోజు దానితో అనాల్సిన మాట.
దీనికీ ఉంది వాళ్ళకి, మెట్ల మీది తెలివి.
మనకైతే దొంగలు పడ్డ ఆర్నెల్లకి మొరిగే కుక్క.
మూడేళ్ళకి మొరిగేదాన్ని ఏమంటారో
వచ్చే శనివారం అడగాలి.

పెరంబూరు బస్సు వచ్చి ఆగింది, కదిలింది.
నేను ఎక్కలేదు.
ఫోను చెవి దగ్గరుంది.
"ఎవరూ?" అంది హైమ, నంబరు కనిపిస్తున్నా.
నోట్లో వగరు ఇంకా పోలేదు.
పిల్లి ఒకసారి కదిలి, గోళ్ళు సర్దుకుని,
"కండెలు కావాలా?" అంది.